నాయన మందును అనుమానించిన అక్క

ఆమె పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను సూర్యాపేటలో మా కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాను. చెప్పింది మా పాత ల్యాబ్‌లో పనిచేసిన ఒకతను. నాకు ఏడుపు రాలేదు. ఇతనికి ఎవరు చెప్పారు, వాళ్ళు కళ్ళారా చూశారా లేక విన్నారా అన్న ప్రశ్న వచ్చింది. ఇంకో ఇద్దరికి ఫోన్ చేశాను. ఇద్దరూ నిజమేనన్నారు. తరచి అడిగితే ఆ ఇద్దరికీ చెప్పింది మొదటి అతనేనని తేలింది. అంటే ముగ్గురు చెప్పినట్టు కాదు, ఒక్కడు చెప్పినట్టే. చివరికి పెన్‌పహాడ్‌లో వాళ్ళ పక్కింటావిడ నంబరు సంపాదించి, ఆమె గొంతు వెనక నుంచి ఏడుపులు వినబడ్డాక గాని నమ్మలేదు. గుండె ఆగిపోయిందట. ముందురోజు సాయంత్రం దాకా పాఠం చెప్పిందట.

చావు కబురును కూడా ఇలా పిండి చూసే బుద్ధి నాకు ఆమె దగ్గరే అంటింది.

నేను ఆమెను అక్కా అని పిలిచేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. నాది కోదాడ, ఆమెది పెన్‌పహాడ్. హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థలో ఆమె నాకు సీనియర్. పొట్టిగా ఉండేది. జడ బిగించి అల్లుకుని, చున్నీ నడుముకు కట్టుకుని పనిలోకి దిగేది. ఏదైనా నచ్చని మాట వింటే తల ఒక పక్కకు వంచి, ఎడమకన్ను సగం మూసి, బొటనవేలితో చూపుడువేలి కొసను రుద్దుకునేది, బియ్యం ఏరుతుంటే రాయి తగిలినట్టు. ఆ తర్వాత ఒకే ప్రశ్న. "ఎట్ల తెల్సు?"

బయట వాన పడుతోందంటే ఎట్ల తెల్సు. మెస్‌లో ఈ పూట కూర బాగుందంటే ఎట్ల తెల్సు, తిన్నవా, వాసనేనా. ఊరికి పోయేటప్పుడు బస్సు బోర్డు చదివేది, కండక్టర్‌ను అడిగేది, ఎక్కి కూర్చున్నాక పక్క సీటు మనిషిని కూడా అడిగేది. ఆ మనిషి వేరే ఊరి పేరు చెబితే దిగిపోవడానికి సిద్ధంగా బ్యాగు ఒళ్ళోనే పెట్టుకునేది.

నేను చేరిన రోజు నా ఊరు అడిగింది. కోదాడ అన్నాను. నీ మాట తెలంగాణ మాట లెక్క లేదేందని అడిగింది. మా ఊరికి ఆంధ్రా పక్కనే కాబట్టి రెండూ కలిసిపోయాయని చెప్పాను. "కలిసిపోయినయంటే ఏది నిజం మాటనో నీకన్న తెల్సా?" అంది. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. మైక్రోస్కోప్ గది తాళంచెవి నా చేతికి రావడానికి చాలాకాలం పట్టింది.

ఆ గదిలో మేం చేసేది కాలేయం మీద పని. కాలేయమంటే అన్నం అరగడానికి పనికొచ్చేదని, మందుల్నీ విషాల్నీ విరిచేదని నేను చదువుకున్నాను. పేగుల నుంచి వచ్చే రక్తమంతా ముందుగా దాని గుండానే పోతుందని, ఆ రక్తంలో దొంగచాటుగా వచ్చిన క్రిముల్ని అక్కడ కాచుకుని ఉన్న కణాలు పట్టి మింగేస్తాయని పుస్తకంలో ఒక పేరా ఉండేది. కుప్ఫర్ కణాలంటారు వాటిని. పేరా చదవడం వేరు. ఆ గదిలో దాన్ని బతికుండగా చూసేవాళ్ళం. ఎలుకకు మత్తిచ్చి, పొట్ట దగ్గర చిన్న కోత పెట్టి, కాలేయం అంచును సన్నటి గాజు మీదకు తెచ్చి లెన్స్ కింద ఉంచేవాళ్ళం. మత్తు దిగకుండా, ఒళ్ళు చల్లబడకుండా చూసుకోవాలి. కుప్ఫర్ కణాలకు ఎర్రరంగు, క్రిములకు ఆకుపచ్చ వెలుగు. తెర మీద రక్తం పారుతూ ఉండేది.

మొదటిసారి ఒక ఆకుపచ్చ చుక్క ప్రవాహంలో కొట్టుకొచ్చి ఎర్రకణం దగ్గర టక్కున ఆగిపోవడం చూసి నేను కుర్చీలోంచి లేచాను. పట్టేసింది అక్కా అన్నాను. ఆమె తల పక్కకు వంచింది.

"పట్టిందా? లేకుంటే ఒకటి పైన, ఒకటి కింద ఉండి మనకు ఒక్కకాడ కనబడుతున్నయా?"

పొరపొరగా కిందికి దిగుతూ చూశాం. నిజంగానే పట్టింది. అయినా ఆమె ఒప్పుకోలేదు. క్రిములు ఎక్కించని ఎలుకను తెచ్చి చూపించింది. అందులోనూ అక్కడక్కడా ఆకుపచ్చ చుక్కలున్నాయి. కాలేయానికి తనదైన మెరుపు కొంత ఉంటుందట. ఇప్పుడు చెప్పు, నువ్వు చూసినవాటిల్ల ఎన్ని క్రిములు, ఎన్ని ఉత్త మెరుపులు అని అడిగింది. ల్యాబ్‌లో మరో కుర్రాడు ఎంతో కష్టపడి తీసిన వీడియో ఆ ప్రశ్నతోనే పనికిరాకుండా పోయింది. అతను ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఆమె తన పని ముందుకు పోవాలని పక్కవాళ్ళ పని చెడగొడుతోందని చాటుగా అనుకునేవాళ్ళు. కొంతకాలం నేనూ అనుకున్నాను.

అలాంటి మనిషి దగ్గర నేను ఒకరోజు ఒక శుభవార్తలాంటిది చెప్పాను. వేములపల్లిలో మా మేనమామ భార్యకు కామెర్లు వచ్చాయి. ఆ అత్తమ్మ మిర్యాలగూడలో ఒక దుకాణం నుంచి సీసాలో పసరు మందు తెప్పించుకుని తాగింది. పచ్చదనం తగ్గింది, ఆకలి పుంజుకుంది, మనిషి నిగనిగలాడుతోంది. ఆ సీసా మీద పెన్‌పహాడ్ అని ఉంది, మీ ఊరి మందే అక్కా అని ఫోన్‌లో ఫొటో చూపించాను. సీసా మీద తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన బొమ్మ ఉంది.

ఆమె ఫొటోను పెద్దది చేసి చూసింది.

తర్వాత వరసగా ప్రశ్నలు. ముఖం గుండ్రంగా ఉబ్బిందా? ఆకలి మామూలు ఆకలా, రాక్షసాకలా? నిద్ర పడుతుందా? మందు మొదలుపెట్టిన ఎన్నాళ్ళకు తేడా కనిపించింది? నేను ఫోన్ చేసి కనుక్కుని చెబుతున్నకొద్దీ ఆమె వేళ్ళు రుద్దుకోవడం ఎక్కువైంది.

"ఆ ఫొటో మా నాయనది," అంది చివరికి. "దుకాణం మా అన్నది. మీ అత్తమ్మను డాక్టర్ దగ్గరికి తోలుకపొమ్మను. తనంతట తాను మందు ఒక్కసారి బంద్ చెయ్యొద్దు, డాక్టర్ చెప్పినట్టు చెయ్యాలె. ఒక సీసా మాత్రం నాకు తెచ్చియ్యి."

మామయ్యకు చెప్పాను. చదువుకున్నవాళ్ళకు పసరంటే గిట్టదని ఆయన కొట్టిపారేశాడు. మిర్యాలగూడ డాక్టర్లు నీకేమైనా నేర్పి పంపారా అని కూడా అడిగాడు.

సీసా తెచ్చాక అక్క ఇంటి సంగతి కొంచెం కొంచెంగా చెప్పింది. వాళ్ళ నాయన పొలం చేసుకునే మనిషే. తాతల నుంచి వచ్చిన కామెర్ల పసరు ఆదివారం, గురువారం పరిగడుపున మజ్జిగలో కలిపి పోస్తాడు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోడు, తీసుకుంటే మందు పనిచెయ్యదని నమ్మకం. ఆకు పేరు కొడుకుకే చెప్పాలి. ఆడపిల్ల ఇంకో ఇంటికి పోతుంది కాబట్టి ఆమెకు చెప్పరు. చిన్నప్పుడు తెల్లవారుజామున నాయన వెనక నక్కినక్కి వెళ్ళి ఏ చేను గట్టు మీద ఏ ఆకు తెంపుతున్నాడో ఈమె చూసేసింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుని పెన్‌పహాడ్ పోయింది. వాకిట్లో కళ్ళు పసుపెక్కిన మనుషులు వరసగా కూర్చుని ఉన్నారు. నాయన గోడవైపు తిరిగి, వీపు అడ్డం పెట్టి ఆకు నూరుతున్నాడు. అక్క స్తంభానికి ఆనుకుని ఆయన చేతులకేసే చూస్తోంది. నీళ్ళు ఏ బిందెలోవి, మజ్జిగ ఎవరు తెచ్చారు, పక్కన ఏ పొట్లమన్నా ఉందా. కన్న తండ్రిని ఎవరైనా అలా చూస్తారా అనిపించింది.

ఆయనకూ అనిపించినట్టుంది. ఏం చూస్తున్నావని అడిగాడు. ఏం లేదంది. జనం పోయాక కొంచెం పసరు ల్యాబ్‌కు కావాలని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. గడప దాటితే దానికి బలం ఉండదన్నాడు.

"మరి అన్న దుకాణంల సీసాలు గడప దాటినయే గద నాయన."

ఆయన నూరే రాయి వైపు చూపు దించుకున్నాడు. కొడుకు వ్యాపారం ఆయనకు ఇష్టం లేదని, కాని ఎదురు చెప్పలేకపోయాడని నాకు అప్పుడే అర్థమైంది. కాసేపటికి మళ్ళీ గోడవైపు తిరిగి నూరి, ఆమె కడిగి తెచ్చుకున్న సీసాలో తనే పోశాడు. ఏం కనబడితే అది చెప్పమని, దాచిపెట్టొద్దని అన్నాడు.

సంస్థ అనుమతి వచ్చేదాకా అక్క ఆ సీసాల జోలికి పోలేదు. వచ్చాక పని మూడు భాగాలు చేసింది. కొన్ని ఎలుకలకు మంచినీళ్ళు, కొన్నిటికి నాయన పసరు, కొన్నిటికి అన్న సీసా. ఏది దేనికి పోశారో నాకు తెలియదు, ఆమెకూ తెలియదు. వేరే ల్యాబ్ అమ్మాయితో లేబుళ్ళ మీద నల్లటేపు వేయించింది. వీడియోలు చూసి రాయాల్సింది నేను. తను తెర వైపు వీపు పెట్టి కూర్చుంది. ఎందుకని అడిగితే, "నేను మా నాయన బిడ్డను, మా అన్న చెల్లెను. నా కండ్లను నేనెట్ల నమ్మాలె?" అంది.

అన్ని ఎలుకల్లోనూ కుప్ఫర్ కణాలు క్రిముల్ని పడుతూనే ఉన్నాయి. తేడా ఆ తర్వాత వచ్చింది. మామూలుగా అయితే కణం క్రిమిని పట్టగానే రక్తంలో పోతున్న తెల్లకణాలు ఆ వాసన పసిగట్టి నెమ్మదిస్తాయి, గోడను పట్టుకుని పాకుతూ అక్కడికి చేరతాయి. చూస్తుండగానే గుంపు కడతాయి. ఒక వర్గం ఎలుకల్లో మాత్రం అవి ఆగలేదు. క్రిమి పట్టుబడిన చోటు పక్క నుంచే ఏమీ జరగనట్టు ప్రవాహంలో వెళ్ళిపోయాయి. అది ఏ వర్గమో నాకింకా తెలియదు. కాని మా అత్తమ్మ అన్న సీసా ఇంకా తాగుతూనే ఉందని గుర్తొచ్చింది.

టేపు పీకారు. ఆ వర్గం అన్న సీసాది. నాయన పసరుకు, మంచినీళ్ళకు మేం ఏ తేడా కనిపెట్టలేకపోయాం.

అక్క సంతోషించలేదు, బాధపడినట్టూ కనిపించలేదు. ఆ సీసా ఎండలో ఉందేమో, దారిలో చెడిందేమో, మళ్ళీ చేద్దామంది. ఈసారి సీసా వేరే మనిషి చేత, వేరే రోజున కొనిపించింది. మళ్ళీ అదే. అప్పుడు అంది, ఇది ఆకు చేసే పని కాదు, ఇంగ్లీషు మందు గోలి చేసే పని అని. కెమిస్ట్రీ వాళ్ళకు పంపితే సీసాలో స్టెరాయిడ్ ఉందని తేలింది. ఆకలి పెంచేది, ముఖం ఉబ్బించేది, ఒళ్ళు బాగైందనిపించేది అదే. కామెర్లు చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి. ఈలోగా ఆ మందు వల్ల ఒంటి కాపలా మొత్తం నిద్రపోతుంది.

నేను మళ్ళీ ఫోన్ చేసి చెప్పినా మామయ్య వినలేదు. ఆ రోజుల్లోనే అత్తమ్మ నాట్లకు పోయినప్పుడు కాలికి ఏదో గీసుకుంది. చిన్న గాయం. మానలేదు. మిర్యాలగూడ దవాఖానలో చేర్చేసరికి పాదం వాచి, బొటనవేలు నల్లబడింది. ఆ వేలు తీసేశారు. ప్రాణం దక్కింది. మామయ్య నాకు ఫోన్ చేసి ఆ సీసా పేరు మళ్ళీ చెప్పమని అడిగాడు, డాక్టర్‌కు చెప్పడానికి.

అక్క ముందు అన్న దగ్గరికే పోయింది. సాక్షిగా నన్ను తీసుకెళ్ళింది. దుకాణం మీద పెద్ద ఫ్లెక్సీ, దాని మీద నాయన ముఖం. అన్న మర్యాదగా కుర్చీలు వేయించి కూల్‌డ్రింకులు తెప్పించాడు. అక్క ముట్టుకోలేదు, నన్నూ ముట్టుకోనివ్వలేదు. రిపోర్టు సంగతి చెబితే అతను మొదట అర్థం కానట్టు చూశాడు. పొడి బయట నుంచి వస్తుందని, అందులో ఏముందో తనకేం తెలుసని అన్నాడు. ఎవరి దగ్గర నుంచి వస్తుందని ఆమె అడిగింది. చెప్పలేదు. పెద్ద దవాఖానల వాళ్ళు నిన్ను పంపారా అన్నాడు. ఆమె అడిగిందే మళ్ళీ అడిగింది.

అప్పుడు అతను గొంతు పెంచకుండా, దుకాణంలో ఉన్నవాళ్ళకు వినబడేలా అన్నాడు. "చిన్నప్పటి నుంచి నీ కడుపుల ఉన్నదే ఇది. నాకు మందు చెప్పిండ్రు, నీకు చెప్పలే. ఆ పగ తీర్చుకునేతందుకే గింత చదువు చదివినవ్."

అక్క ముఖంలో ఏదో కదిలింది. రిపోర్టు సంచిలో పెట్టుకుని లేచింది. తిరుగు బస్సులో నేను ఆమె వైపు చూడలేదు. నాకూ అదే అనుమానం తగిలింది. ఇంత పట్టుదల ఎక్కడి నుంచి వస్తోంది అని.

అన్న ఆపేస్తానని కబురు పంపాడు. ఆమె నమ్మలేదు. కొన్నాళ్ళాగి ఇంకో సీసా కొనిపించింది. అందులోనూ ఉంది. అప్పుడు రిపోర్టు మందుల తనిఖీ అధికారులకు పంపి, తను లాప్‌టాప్ పట్టుకుని పెన్‌పహాడ్ బయలుదేరింది. నేనూ వెళ్ళాను.

ఆదివారం జనం వెళ్ళిపోయాక, వాకిట్లో మంచం మీద నాయన పక్కన కూర్చుని వీడియోలు పెట్టింది. ఎండ పడి తెర కనిపించకపోతే నేను చున్నీ అడ్డం పట్టుకున్నాను.

"గిది బతికున్నదేనా?" అన్నాడాయన.

"బతికున్నదే నాయన. రక్తం పారుతుంది సూడు."

ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని వంగి చూశాడు. కాలేయాన్ని వాళ్ళ ఊరి మాటలో కార్జమంటూ, ఏది ఎర్రది, ఏది పచ్చది, వచ్చి చేరే తెల్లకణాలు ఏవి, అన్నీ ఓపిగ్గా చెప్పింది. మూడు వీడియోలు చూపించి, ఏది ఏదో చెప్పకుండా, వీటిలో ఏవి ఒకలా ఉన్నాయో నువ్వే చెప్పమంది. ఆయన మళ్ళీ పెట్టించుకుని చూశాడు.

"గీ రెండు ఒక్కతీరుగున్నయి. గిది వేరే. దీంట్ల ఎవ్వలు వస్తలేరు."

"ఆ వేరేది అన్న సీసా నాయన."

"మరి గీ రెండు?"

"ఒకటి నీ పసరు. ఇంకోటి మంచినీళ్ళు."

ఆయన ఆ రెండూ ఇంకోసారి పెట్టించుకుని చూశాడు. నాది నీళ్ళ లెక్కనేనా అని అడిగాడు. మాకు కనబడినంతవరకు అంతేనని, చెడు మాత్రం ఏమీ చెయ్యలేదని ఆమె చెప్పింది. మరి ఇన్నేళ్ళు తగ్గినవాళ్ళ సంగతేమిటన్నాడు.

"వాళ్ళ కార్జమే వాళ్ళను బాగు చేసింది నాయన. నువ్వు పథ్యం పెట్టించినవ్, తాగుడు బంద్ చేయించినవ్, పండుకోబెట్టినవ్. ఆకు సంగతి మాత్రం నేను చెప్పలేను."

ఆయన లేచి లోపలికి పోయాడు. భోజనానికి కూడా బయటికి రాలేదు. మేం అలాగే తిరిగొచ్చాం. ఆయన కొడుకు వైపే ఉంటాడని అక్క అనుకుంది. నేనూ అనుకున్నాను.

కొన్నాళ్ళకు మామయ్య ఫోన్ చేశాడు. మిర్యాలగూడలో ఆ దుకాణం ముందు ఒక ముసలాయన స్టూలు వేసుకుని కూర్చున్నాడట. తలపాగా, అదే ముఖం. వచ్చిన ప్రతి మనిషికీ పైన ఫ్లెక్సీ చూపించి, ఆ ఫొటోలో ఉన్నది నేనే, ఈ మందు నాది కాదు, దవాఖానకు పోండ్రి అని చెబుతున్నాడట. కొడుకు బతిమాలాడట, కోప్పడ్డాడట, చివరికి షట్టర్ దింపేసి వెళ్ళిపోయాడట. మర్నాడు పొద్దున్నే ఆయన మళ్ళీ వచ్చి మూసిన షట్టర్ ముందు కూర్చున్నాడట. అధికారులు వచ్చేసరికి ఫ్లెక్సీ కూడా లేదు.

ఈ సంగతి చెబితే అక్క నమ్మలేదు. స్వయంగా వెళ్ళి రోడ్డుకు అవతల నిలబడి చూసింది. దగ్గరికి పోలేదు. పోతే నాయన ఎవరి ముందు తల ఎత్తుకోవాలో తెలియక ఇబ్బంది పడతాడంది.

ఆ ఇంట్లో ఆ తర్వాత మాటలు తగ్గిపోయాయి. అన్న చెల్లెలితో పూర్తిగా మానేశాడు. పసరు పొయ్యడం నాయన మానేశాడని ఊళ్ళో అన్నారు. ఆమె రెండు ఆదివారాలు చెప్పకుండా వెళ్ళి చూసుకుంది. ఒకసారి ఆయన ఆమెను పిలిచి, ఇప్పుడు చెబుతాను, ఆకు పేరు విను అన్నాడట. నాకు చిన్నప్పుడే తెలుసు నాయన అందట ఆమె. తెలిసి కూడా ఇన్నేళ్ళు నాకు చెప్పలేదా అన్నాడట ఆయన.

హైదరాబాద్ పని ముగిశాక ఆమె కోదాడలో ఒక ఫార్మసీ కాలేజీలో చేరింది. ఒక గది కిరాయికి తీసుకుని ఒక్కతే ఉండేది. మా అమ్మవాళ్ళను చూడటానికి వెళ్ళినప్పుడల్లా ఆమెనూ కలిసేదాన్ని. పిల్లలకు కాలేయం పాఠం చెప్పేటప్పుడు ఆ మూడు వీడియోలూ చూపించేదట, ఏది ఏదో చెప్పకుండా. సెలవుల్లో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో దొరికే కామెర్ల సీసాలన్నీ కొని పరీక్షకు పంపించేది. కొన్నిట్లో అదే మందు ఉండేది, కొన్నిట్లో ఉండేది కాదు. ఎందుకిన్ని అని అడిగితే చాలాకాలం చెప్పలేదు.

ఒక సాయంత్రం హైవే పక్కన హోటల్ బయట కూర్చుని ఉన్నాం. లారీలు పోతున్నాయి. టీ చల్లారిపోయింది. ఉన్నట్టుండి అంది.

"మా అన్న అన్నది నిజమేనేమో చెల్లె. నేను పగతోటే చేసిననేమో."

లేబుళ్ళు మూసే కదా అక్కా చేశాం, చూసింది నేను కదా అన్నాను.

"లేబుళ్ళు మూసినం. సీసా ఏరుకున్నది ఎవరు? గిన్ని దుకాణాలుండంగ మా అన్నదే ఎందుకు?"

మా అత్తమ్మ తాగిన సీసా కాబట్టి, అది తెచ్చింది నేను కాబట్టి అన్నాను. ఆమె తల ఊపింది. అది తనకూ తెలుసన్నట్టు, అది చాలదన్నట్టు.

"నువ్వు ఆ ఫొటో సూపిచ్చినప్పుడు నాకు బుగులైందా, సంబురమైందా? ఎంత యాది చేసుకున్నా గదే యాదికొస్తలేదు."

మిగతా సీసాలన్నీ అందుకేనని అప్పుడు తెలిసింది. తన అన్నదొక్కటే కాదని తనకు తాను చూపించుకోవడానికి. ఎన్ని కొన్నా ఆ ప్రశ్న తీరలేదు. దానికి టేపు వేసి దాచే లేబుల్ లేదు.

ఆమె దినాలకు పెన్‌పహాడ్ వెళ్ళాను. కర్మ చేసింది అన్నే. గుండు చేయించుకుని, బక్కచిక్కి, ఎవరి కళ్ళలోకీ చూడకుండా వడ్డనలు చూసుకుంటున్నాడు. ఇప్పుడు సూర్యాపేటలో ట్రాక్టర్ సామాన్లు అమ్ముతున్నాడట. వచ్చినవాళ్ళలో కొందరు అతన్ని అనుమానంగానే చూస్తున్నారు, ఏ ముఖం పెట్టుకుని చేస్తున్నాడన్నట్టు. నాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. నేను పక్కన కూర్చున్నాక మెల్లగా అడిగాడు. "నా బిడ్డ నీతోటి అన్ని చెప్పుకునేది గద. ఆకు చెప్పలేదని నా మీద కోపం ఉండెనా? పోయిందా?"

కోపం లేదు పెద్దాయనా అన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి, ఇది ఓదార్పు మాటే అని కొట్టిపారేసినట్టు తల తిప్పుకున్నాడు.

బయలుదేరుతుంటే అన్న బస్సు దాకా వస్తానన్నాడు. వాళ్ళ ఇల్లు రోడ్డు మీదే, బస్సు ఆగే చోటు నుంచి గేటూ, వాకిట్లో నాయన మంచమూ కనిపిస్తాయి. బస్సు కోసం నిలబడ్డాం. తర్వాత తన గురించి ఆమె ఏమైనా అనేదా అని అడిగాడు. చెప్పకూడదనుకున్నాను. కాని చెప్పాను. దుకాణంలో మీరు అన్న మాట ఆమెను వదల్లేదని, అది నిజమో కాదో తేల్చుకోలేక చివరిదాకా తిప్పి తిప్పి చూసుకుందని.

అతను నా వైపు తిరిగాడు.

"ఏ మాట? పగ అన్నదా?"

"అదే."

అతను రోడ్డుకేసి చూశాడు.

"పగ గిగ ఏం లేదు చెల్లె. పొడిల ఏం కలుస్తుందో నాకు ఎరుకనే. ఆమె రిపోర్టు అనంగనే దొరికిపోయిననని సమజైంది. దుకాణంల మంది ఉండిరి. ఏదో ఒకటి అనాలె గద. ఆ మాట నోటికొచ్చింది, అనేసిన. అనుడే గాని నేను కూడ నమ్మలే."

నాకు కోపం రాలేదు. ముందు అనుమానమే వచ్చింది. ఇప్పుడైనా నిజం చెబుతున్నాడా, లేక చచ్చిపోయిన చెల్లెలి ముందు మంచివాడు కావాలని చూస్తున్నాడా? అతని ముఖంలో వెతికాను. ఎండకు కళ్ళు చిట్లించుకుని ఉన్నాడు. తెలియలేదు. ఎవరి మాటనైనా మూడుసార్లు పిండిన అక్క, ఈ ఒక్క మాటను మాత్రం అన్న తనే నమ్మకుండా అన్నాడేమోనని ఒక్కసారి కూడా అనుమానించలేదు. అన్న అన్నాడు కాబట్టి అందులో ఏదో ఉంటుందనుకుంది.

"నాకెందుకు చెబుతున్నారన్నా," అన్నాను. "లోపలికి వెళ్ళి మీ నాయనకు చెప్పండి. ఆకు చెప్పనందుకు బిడ్డకు కోపమేమోనని ఆయన కూడా అదే పట్టుకుని కూర్చున్నాడు."

"ఇప్పుడు చెప్తే ఏమొస్తది?"

"ఆయన్నే అడగండి."

బస్సు వచ్చి ఆగింది. అతను ఎక్కమన్నట్టు చెయ్యి చూపించాడు. నేను కదలకపోయేసరికి కండక్టర్ విసుక్కుని బస్సు పోనిచ్చాడు. అతను ఇంకాసేపు నిలబడి, ఇక చేసేదేం లేనట్టు వెనక్కి తిరిగి ఇంటివైపు నడిచాడు. మధ్యలో ఎవరో పలకరిస్తే ఆగాడు. మాట్లాడుతూనే ఉన్నాడు. నేను అక్కడి నుంచి కళ్ళు తిప్పలేదు. ఆ మనిషి వెళ్ళిపోయాక అతను గేటు దగ్గర చెప్పులు విడిచి, నాయన మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు.